నానిన రాయి

వంతెన స్తంభం కోసం తవ్విన గుంతలో, పదిహేను మీటర్ల అడుగున, దాన్ని డిజైన్ చేసిన ఇంజనీరు క్రేన్ దించిన ఇనప బోనులో నిలబడి గోడ తడుముతోంది. పైన క్రేన్ దగ్గరున్నది ఆమె అక్క మొగుడు, ఈ పని కాంట్రాక్టరు.

“రాయి తగిలిందిగా మరదలా! ఇంకేం చూస్తున్నావ్?”

“రెండు రోజుల వానకి నాని మెత్తబడిపోయింది బావా. ఇంకో రెండు మీటర్లు తవ్వాలి.”

“లోతు నువ్వు గీసిందేగా?”

“పొడి రాయిని చూసి గీశాను. తప్పు నాదే. ఇలాగే కాంక్రీటు పోస్తే స్తంభం కుంగుతుంది.”

“కాంక్రీటు లారీలు గేటు దగ్గరున్నాయి. బాగుందని ఒక్క ముక్క అను, పైకి లాగేస్తా.”

“అనకపోతే?”

“సరదాకన్నానే తల్లీ.”

“అయితే లాగు.”

బోను కదల్లేదు. కాసేపటికి తాడు కట్టిన బకెట్టు దిగింది. అందులో కాగితం, పెన్ను.

“మీ అక్క మొహం చూసైనా సంతకం పెట్టు.”

ఆమె గోడకు బొటనవేలు నొక్కింది. నానిన సబ్బులో దిగినట్టు దిగిపోయింది. ఆ ముద్ద పెరికి కాగితం పక్కన పెట్టింది.

“లాక్కుని చూడు బావా. నీ రాయి మీద నా వేలిముద్ర పడింది.”

బకెట్టు పైకి వెళ్లింది. తర్వాత అదే బకెట్టు మెల్లగా మళ్లీ దిగింది.

“మట్టి మీద కాదమ్మా, కాగితం మీద.”