ఫ్రెంచ్ ప్రెస్ కోసం వచ్చిన బావమరిది

ఆదివారం పొద్దున్న. మూడో అంతస్తులో ఇరుకు వంటిల్లు. ఆ ఇంటి ఇల్లాలు అలిగి పుట్టింటికి వెళ్లి ఐదు రోజులైంది. ఇవాళ ఆమె తమ్ముడు వచ్చాడు.

"అబ్బబ్బ, ముందు కూర్చోరా! వచ్చిందగ్గర్నుంచీ అదే మాట."

"కూర్చోడానికి రాలేదు బావా. అక్క తను కాఫీ పెట్టే ఆ గాజు జాడీ, ఫ్రెంచ్ ప్రెస్ తెమ్మంది. ఇస్తే పోతా."

"కాఫీ తాగి పో."

"దేంట్లో పెడతావ్?"

"దాంట్లోనే."

"బావా!"

"నీళ్లు మరుగుతున్నాయిరా. మధ్యలో ఎలా ఇస్తాను?"

"అసలు నువ్వు కాఫీ పెట్టడమేంటి? పెళ్లయిన పదకొండేళ్లలో నువ్వు స్టవ్ వెలిగించగా నేను చూళ్లేదు."

"ఐదు రోజుల్నుంచీ వెలిగిస్తున్నా. తీగ మీద ఆ చొక్కా చూడు."

"ఏంటా మచ్చలు?"

"మొదటిరోజు ప్రతాపం. పొడి మరీ మెత్తగా పట్టించా. మూత పెట్టి లోపలి జల్లెడని కిందికి నొక్కితే దిగదే! వడ్రంగిని కదా, దిగనంటే ఊరుకుంటానా? ఒక్క నొక్కు నొక్కా."

"చిమ్మిందా?"

"గోడకీ, నాకూ, పక్కింటావిడ పిల్లికీ."

"హహహ! పొడి బరకగా ఉండాలి బావా."

"రంపపు పొట్టులా ఉండాలని మర్నాటికి తెలిసింది. అప్పుడేమో సలసల మరిగే నీళ్లు అలాగే పోసేశా. చేదు విషం!"

"మరి నిన్న?"

"నిన్న... నిన్న బానే కుదిరింది."

"మరి మొహం అలా పెట్టావేం?"

"ఒక్కణ్నే తాగాలిగా. సరే, పొడెయ్. మూడు చెంచాలు. గుట్టగా కాదురా, అంచు వరకే!"

"వేశా."

"ముందు కాసిని నీళ్లు పోసి పొంగనివ్వాలి. అదిగో నురగ! ఇప్పుడు మిగతావి. ఇంక నాలుగు నిమిషాలు దాని జోలికి పోకూడదు."

"అన్నీ అక్క మాటలే."

"మరి ఎవరివనుకున్నావ్?"

"ఆరోజు అందరి ముందూ అన్న మాట ఎవరిది మరి?"

"స్టవ్ తగ్గించు."

"ఆపేశావు బావా."

"ఓహో."

"అక్క లైబ్రరీ పక్కన గది తీసుకుని కాఫీ కొట్టు పెడతానంటే పగలబడి నవ్వావట. 'గ్లాసులో పొడి కలపడానికో కొట్టా' అన్నావట."

"అన్నా."

"ఏడ్చింది బావా."

"తెలుసు. దాని పనితనం తెలీకే అన్నానురా. ఐదు రోజులు గింజుకుంటే నాకు ఒక్క కప్పు కుదిరింది. మీ అక్క పదకొండేళ్లు, రోజూ, ఒకేలా ఇచ్చింది. నేను పేపర్ చదువుకుంటూ తాగేశా."

"ఈ ముక్క తనతో అను. ప్రెస్ ఇయ్యి, పోతా."

"ఇవ్వను."

"ఇదేం పేచీ? అది అక్క వస్తువు!"

"అక్క వస్తువే. ఇవాళ ఇది పోతుంది, రేపు చీరలు, ఎల్లుండి కుట్టుమిషను. తర్వాత నాకేం మిగుల్తుందిరా? ఇవ్వను. ఇది వెళ్తే కొట్లో బల్ల మీదికే వెళ్తుంది. నేనే పట్టుకెళ్తా."

"ఒక్క నిమిషం, ఫోన్ చూసుకుంటా... ఆ, చెప్పు. ఏ బల్ల?"

"ఆ సొరుగు లాగు. మడత పెట్టిన కాగితం ఉంటుంది."

"ఇవేంటి... గది కొలతలా?"

"లైబ్రరీ పక్క గదివే, మొన్న వెళ్లి కొలుచుకొచ్చా. కొట్టుకి బల్ల నేనే చేస్తా. అదిగో, కిటికీ పక్కన మీ అక్క నిలబడే చోటు. మామూలు బల్ల కన్నా రెండంగుళాలు ఎత్తు పెంచా. వంగితే దానికి నడుం పట్టేస్తుంది."

"బావా... ఇది అక్కకి చెప్పావా?"

"ఫోనెత్తితేగా!"

"సరే సరే, టైమైంది. నొక్కు. మెల్లగా!"

"ఉండు... ఉండు... దిగింది! చూశావా, వెన్నలోకి దిగినట్టు!"

"వాసన అదిరిపోయింది. కప్పులు తియ్యి."

"ఇవిగో, రెండు."

"మూడు తియ్యి."

"మూడోది ఎవరికిరా?"

"పంపేటప్పుడు అక్క ఏమందో తెలుసా? 'అడగ్గానే ప్రెస్ ఇచ్చేస్తే తీసుకుని వచ్చెయ్, ఇంటికి పోదాం. ఇవ్వనంటే మాత్రం ఒక్క మిస్డ్ కాల్ ఇయ్యి, కింద మెట్ల దగ్గరే కూర్చుని ఉంటా' అంది. నువ్వు ఇవ్వనన్నప్పుడే, ఫోన్ చూసుకుంటానని చెప్పి మిస్డ్ కాల్ ఇచ్చేశా. వెళ్లి తలుపు తియ్యి బావా, మెట్ల మీద ఆ చెప్పుల చప్పుడు అక్కదే."