కాజాలు కుట్టేసిన చొక్కా

"తాతయ్యా, ఈ కఫ్ లింకులు నీ బీరువాలో దొరికాయి. ఎలా పెట్టుకోవాలో చెప్పవా? సాయంత్రం ఫ్రెండ్ పెళ్ళిలో నేను తోడు పెళ్ళికొడుకుని."

ఇటు తే, చూడనీ. ఓర్నీ, ఇవా! ఇవి మీ అమ్మ పెళ్ళినాటివిరా. అసలు నావి కావు, మీ డ్రైవర్ తాతవి. మీ నాన్నవాళ్ళ నాన్న. అంటే ఆయనా బయటికెప్పుడూ పెట్టుకోలేదనుకో. ఆయన రైలింజిను డ్రైవరు కదా, ఎవరో ఆఫీసరు బదిలీ అయి వెళ్తూ ఇచ్చాడట. కూర్చో, చెప్తాను. చొక్కా తెలుపేగా? వాచీ? స్టీలుదా, అచ్ఛా, అయితే వెండివి సరిపోతాయి. వాచీ ఏ రంగో ఇవీ ఆ రంగే ఉండాలి. మా కాలేజీ ప్రిన్సిపాల్‌గారు పెట్టుకునేవారు. పాఠం బుర్రకెక్కలేదు గానీ, ఆయన సుద్దముక్క ఎత్తినప్పుడల్లా మణికట్టు దగ్గర తళుక్కుమనేది చూడు, అది మాత్రం ఇప్పటికీ గుర్తే.

ఏం చెప్తున్నాను? ఆఁ, మీ అమ్మ పెళ్ళి. మనది చర్చి పెళ్ళి, మీ నాన్నవాళ్ళేమో పూజలూ వ్రతాలూ ఉన్న ఇల్లు. పిల్లలిద్దరూ ఒకటే పట్టు. మీ డ్రైవర్ తాత ఏడాదిపాటు మన గుమ్మం తొక్కలేదు. అంతకుముందు మా రైల్వే ఆఫీసులో నేను కనబడితే ఎప్పుడూ ఓ చురక అంటించేవాడు. "క్లర్క్ సాబ్, మీ కాగితాలు కట్టి లాగితే బండి బిలాస్‌పూర్ పోతుందా?" అనేవాడు. ఆ ఏడాది ఆ చురక కూడా లేదు. నాకదే ఎక్కువ బాధేసింది, తెలుసా.

పెళ్ళి దగ్గరపడ్డాక ఒకరోజు మీ నాన్న వచ్చి ఈ డబ్బా నా చేతిలో పెట్టాడు. "నాన్న వస్తాననలేదండీ, రాననీ అనలేదు. ఇవి మీకిమ్మన్నారు. చర్చిలో వేసుకుంటారేమో చూస్తానన్నారు" అన్నాడు. అంతే, నాకర్థమైపోయింది. ఇవి నా చేతికి కనబడితే ఆయన లోపలికొస్తాడు. లేకపోతే గేటు దగ్గర్నుంచే వెనక్కి. మీ అమ్మ ఆ డబ్బాకేసి చూసి, "ఆయన కూర్చోకపోతే నేను నవ్వలేను నాన్నా" అంది, అంతే.

శంకర్ నగర్‌లో టైలరు దగ్గర చొక్కా కుట్టించాను. మడతపెట్టే కఫ్, గుండీలుండవు, ఒక్కో చేతికి నాలుగు కాజాలు. మడత నలుగుతుందని ముట్టుకోకుండా హ్యాంగర్‌కి తగిలించి ఉంచా. పెళ్ళిపొద్దున తొడుక్కుని కాజా వెతుకుతాను కదా, లేదు! ఒక్కటీ లేదు! అన్నీ కుట్టేసి ఉన్నాయి. లోపల టిచ్ బటన్, పైన తెల్లగుండీ ఒకటి.

ఎవరు? మీ అమ్మమ్మే. "టైలరు మిమ్మల్ని మోసం చేశాడండీ, ఎటు చూసినా చిల్లులే, గుండీ పెట్టడం మర్చిపోయాడు, నేనే సరిచేశా" అంది, ఎంతో గొప్పగా. మరి కఫ్ లింకులో అంటే, అవి పైన గుచ్చుకునేవి కదా, నా నర్సు బ్యాడ్జిలాగా, అంది.

ఇదిగో, లోపల్నుంచి అరుస్తోంది విన్నావా, "ఇంకెన్నాళ్ళు చెప్తారండీ ఆ కథ" అని. బతికినన్నాళ్ళూ చెప్తానే!

నర్సు వేసిన కుట్టురా అది. లాగితే బట్ట చిరుగుతుంది గానీ కుట్టు ఊడదు. బయట కారులో మీ అమ్మ, ముసుగేసుకుని కూర్చునుంది. "నాన్నా, పాస్టరుగారు వచ్చేశారట!" అని కేక. మీ అమ్మమ్మ తన పాత కత్తెర తెచ్చింది, ఆస్పత్రిలో టాంకాలు, అదే గాయాల కుట్లు, విప్పేది. "కూర్చోండి. చెయ్యి చాపండి. కదలకండి" అంది. నేను పేషెంటులాగా చేతులు చాపుకుని కూర్చున్నా. పట్టుచీర కట్టుకుని, నగలు పెట్టుకుని, ఒక్కో దారం కత్తిరిస్తోంది పాపం, కళ్ళనిండా నీళ్ళు.

లింకులు కారులోనే పెట్టుకున్నా. ఎడంచేతికి తేలిగ్గానే ఎక్కింది. కుడిచేతికి ఎడంచేత్తో పెట్టాలి కదా, ఎలాగో గుచ్చేశా.

చర్చి గేటు బయట ఆయన. ఊరవతల మందిర్ హసౌద్ నుంచి స్కూటరు మీదొచ్చాడు. అప్పుడు పెట్రోలు ఎంతుండేదనుకున్నావు... సరే అదొద్దులే. స్కూటరు దిగాడు గానీ హ్యాండిల్ వదల్లేదు. నేను దగ్గరికెళ్ళి దణ్ణం పెట్టా. చేతులు కాస్త పైకెత్తే పెట్టాన్లే, కనబడాలని. ఆయన మొహం చూడలేదు, మణికట్లే చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు. నా ప్రాణం నా దగ్గర లేదు.

"ఉల్టా పెట్టారు" అన్నాడు.

"ఏమిటండీ?"

"కుడిచేతిది. పువ్వున్న వైపు లోపలికి పోయింది. చెయ్యి ఇలా ఇవ్వండి, బావగారూ."

బావగారూ అన్నాడురా! క్లర్క్ సాబ్ కాదు. స్కూటరు వదిలేసి నా చెయ్యి పట్టుకున్నాడు. గూడ్సు బండి మొత్తం దాటిపోయి ఫాటక్, ఆ రైలు గేటు, పైకి లేస్తే ఎలా ఉంటుంది, అలా ఊపిరొచ్చింది నాకు.

"మీకెలా తెలుసండీ ఇవి పెట్టడం?" అన్నా.

"ఆఫీసరు ఇచ్చిన కొత్తలో యూనిఫాం చొక్కాకి బ్లేడుతో చిల్లులు కోసి, పెట్టుకుని అద్దంలో చూసుకున్నా. మా ఆవిడ చెడామడా తిట్టింది. అవునూ, ఈ దారాలేంటి?"

"మా ఆవిడ కాజాలు కుట్టేసిందండీ."

పకపకా నవ్వాడు. నవ్వుతూనే నా భుజం మీద చెయ్యేసి లోపలికి నడిచాడు. మీ అమ్మ చూసింది. ఆ పెళ్ళి ఫోటోలో అది నవ్వుతోంది చూడు, అప్పటిదే.

సరే, చెయ్యి చాపు. ఇదిగో, కఫ్ మడిచి, అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కించకూడదు. దణ్ణం పెట్టినప్పుడు అరచేతులు కలుస్తాయి చూడు, అలా కలవాలి. పువ్వు బయటికి. ఇప్పుడు లింకు దూర్చి, వెనకున్న ఆ పుల్ల అడ్డం తిప్పు. ఆఁ, భలే. చల్లగా ఉండు నాన్నా, నీ పెళ్ళికీ నా చేత్తోనే పెట్టాలి. వెళ్ళాక ఓ ఫోటో తీసి మీ డ్రైవర్ తాతకి పంపు. పెద్దది చేసి మరీ చూస్తాడు, ఉల్టా ఉందేమోనని...