వదులు మూత

మీ తాతా? ఎలాంటివాడంటే ఏం చెప్పమంటావే, ఫొటోలో చూస్తున్నావుగా, అదే మొహం, నవ్వినా అంతే, కోపమొచ్చినా అంతే. కూర్చో, నిలబడి వినే ముచ్చట కాదు. స్టవ్వులూ కుక్కర్లూ బాగుచేసేవాడు కదా మా అన్నయ్య, ఎవరింటికెళ్ళినా చెయ్యి ఊరుకోదు, కుర్చీ వేసేలోపు వాళ్ళ వంటింట్లో డబ్బా మూతలన్నీ తిప్పి చూసేసేవాడు. మా అత్తారింటికి మొదటిసారి వచ్చినప్పుడూ ఇదే పని, మా అత్తగారు ఏమందంటే... సరే, అది ఇంకోసారి. అదో పెద్ద కథ.

మీ నాయనమ్మ పోయినప్పుడు, అదే, మా వదిన, ఆ పాత్ర కొనడానికి నన్ను తోడు రమ్మన్నాడు. పాత్రంటే బూడిద పెట్టేదే. దహనం చేసిన చోట ప్లాస్టిక్ డబ్బాలో పోసి ఇచ్చారు. అది చూసి "దీంట్లోనా?" అన్నాడు, అన్నవాడు నేరుగా పాత్రలమ్మే కొట్టుకి దారితీశాడు. ఆ కొట్లో ఎంత నిశ్శబ్దమంటే మన చెప్పుల చప్పుడుకి మనకే సిగ్గేస్తుంది. గోడ పొడుగునా అరలు, ఇత్తడివి, చెక్కవి, గాజువి. కొట్టతను పాపం మంచివాడు, గొంతు తగ్గించి, "తీరిగ్గా చూడండయ్యా, ఇది ఒకసారి బిగిస్తే గాలి కూడా దూరదు" అంటాడు. మా అన్నయ్య ఒక్కోటీ తీస్తాడు, మూత తిప్పుతాడు, పెట్టేస్తాడు. మళ్ళీ తీస్తాడు, తిప్పుతాడు, పెట్టేస్తాడు. నాకు ఒళ్ళు మండింది. "ఇక్కడ కూడా ఏంటన్నయ్యా, ఇవేం కుక్కర్లలా ఈల వెయ్యవులే" అనేశాను. చివరికి మూల అరలోంచి మట్టిదొకటి తీశాడు. మూతకి మరా లేదు, బిగింపూ లేదు, ఊరికే పైన కూర్చుంటుంది. కొట్టతను కంగారుపడ్డాడు. "అది నేలలో పెట్టేవాళ్ళకండీ, మట్టిలో మట్టైపోతుంది. ఇంట్లో ఉంచుకోవాలంటే మూత వదులు." మా అన్నయ్య ఏమన్నాడో తెలుసా? "వదులుదే కావాలి బాబూ. గట్టి మూతలు ఆవిడకి రావు."

అప్పుడు వెలిగింది నాకు. నువ్వప్పటికి పుట్టలేదులే. బట్టలు కుట్టీ కుట్టీ మీ నాయనమ్మ వేళ్ళు కొంకర్లు పోయాయి. వాళ్ళింట్లో చక్కెర డబ్బా దగ్గర్నుంచి తలనూనె సీసా దాకా ఏ మూతా బిగించి ఉండేది కాదు. "ఊరందరి మూతలూ బిగిస్తాడు, సొంతింట్లో మాత్రం చీమలు" అని నేను ఎగతాళి చేస్తే వదిన నవ్వేసేది. పనికి పోయేముందు అన్నీ వదులు చేసి పోయేవాడన్నమాట. ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ, ఎక్కడున్నాను? ఇంటికి తెచ్చాక అసలు గొడవ. మీ నాన్నేమో "సముద్రంలో కలిపేద్దాం, ప్రశాంతంగా ఉంటుంది" అంటాడు. మీ అత్తేమో "నాకు సగం ఇవ్వండి, మా ఇంట్లో పెట్టుకుంటాను" అని ఒకటే ఏడుపు. "సగమంటే ఏ సగమే తల్లీ?" అన్నాడు మా అన్నయ్య. కోపంగా కాదే, నిజంగానే అడిగాడు. అన్నాచెల్లెళ్ళు ఎడమొహం పెడమొహం. మా అన్నయ్యేమో ఆ పాత్రని వదిన కుట్టుమిషను మీద పెట్టుకుని, పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పనికి పోవడం మానేశాడు.

ఒకరోజు పొద్దున్నే మా ఇంటికొచ్చాడు, పాత్ర తువ్వాల్లో చుట్టుకుని. "చెల్లీ, వాడెక్కడున్నాడో చూపించు" అన్నాడు. ఎవడని నేను అడగలేదు. మీ నాన్నకంటే ముందు ఒక పిల్లాడు పుట్టాడే వాళ్ళకి. అప్పటికి మీ నాన్నకే తెలీదు. ఏడాది కూడా నిండలేదు, జ్వరమొచ్చి పోయాడు. ఊరి చివర పాతిపెట్టారు. ఆ రోజు నుంచీ మా అన్నయ్య ఆ దారి తొక్కలేదు. వాడి పేరెత్తితే లేచి బయటికి పోయేవాడు. వదిన మాత్రం బజారుకని చెప్పి నన్ను తీసుకుని వెళ్ళేది. కలుపు పీకేది, రాయి తుడిచేది, అబద్ధం కాకూడదని వచ్చేటప్పుడు నిజంగానే ఏదో ఒకటి కొనుక్కొచ్చేది. "ఆయనకి తెలుసు. రాలేడు పాపం, నువ్వేం అనకు" అనేది.

మీ నాన్ననీ అత్తనీ కూడా పిలిపించాను. దారిలో నేనే చెప్పాను వాళ్ళకి. అక్కడికెళ్ళాక ఆ రాయి చూసి మా అన్నయ్య నిలబడిపోయాడు. ఎంత చిన్నదనీ! "ఇంత శుభ్రంగా ఉందేంటి?" అన్నాడు, అని, మళ్ళీ తనే తలొంచుకున్నాడు. మీ నాన్న గొయ్యి తవ్వాడు. మీ అత్త ఇంక సగం ఊసెత్తలేదు, తనే పాత్ర పట్టుకుని దింపింది. అప్పుడు మా అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుని, రాయి మీద చెయ్యి వేసి, వాడిని పేరు పెట్టి పిలిచాడే. అన్నేళ్ళకి. "అమ్మొచ్చిందిరా" అన్నాడు. ఇంకా ఏదో అనబోయాడు, "నేనే ఇన్నాళ్ళూ రాలేక..." అని...

...

ఏం లేదులే. ఆ గ్లాసు ఇటివ్వు, కాసిని నీళ్ళు తాగుతాను.