నరేంద్రన్ నమస్కారం

ఆటిజం ఉన్న కొడుకును ఉంచిన హోమ్‌కి ఆ తల్లి మొదటిసారి ఫోన్ చేయకుండా వచ్చింది. మాటలు రాని నరేంద్రన్‌ను వార్డెన్ బయటికి పిలుచుకొచ్చింది.

“చెప్పకుండా వచ్చినారేమ్మా?”

“చూడాలనిపించింది అక్కా. మూతికి సాంబారు ఆరిపోయుండాదే, మీ భుజం మీది తుండుగుడ్డ ఇట్లియ్యండి, తుడుస్తాను.”

తుండు తల్లి చేతికి రాగానే నరేంద్రన్ రెండు చేతులూ జోడించి ముందుకు చాపాడు.

“చూసినారా, నమస్కారం పెడతా ఉండాడు. వీడియో కాల్‌లో కూడా పెడతాడు గదా.”

“అవునక్కా. నా బిడ్డకి మర్యాద నేర్పినారని వీధంతా చెప్పుకుంటిని.”

ఆమె అతని చొక్కా చేతులు పైకి జరిపింది. మణికట్ల చుట్టూ చర్మం కమిలి నల్లబడి ఉంది.

“అది... తల గోడకు కొట్టుకుంటాడమ్మా. అందుకని...”

“మిమ్మల్ని నమ్మి విడిస్తినే అక్కా. ఇప్పుడు తుండు నా చేతిలో చూసి, నన్నూ చేతులు కట్టమంటా ఉండాడు.”