ఆగమని చెప్పే కణాలు

అధ్యక్షులు, మన హెడ్మాస్టరు విజయ్ కుమార్ గారికి, వేదిక మీది పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, వెనక బెంచీల్లో కూర్చుని అప్పుడే గడియారం చూస్తున్న పిల్లలకు నమస్కారాలు. (నవ్వులు)

బయాలజీ టీచర్ని కదండీ, రిటైరై వెళ్లేముందు చిన్న పాఠం చెప్పే వెళ్తాను. మన మెదడులో పక్క కణాన్ని రేపే కణాలున్నాయి, "చాలు, ఆగు" అని అణిచేవీ ఉన్నాయి; ఆ రెండోవాటి మాట చెల్లకపోతే జ్ఞాపకం నిలవదని నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది తక్కువ, పడి తెలుసుకున్నది ఎక్కువ.

మూడేళ్ల కిందట టెన్త్ క్లాసులో నిన్న చెప్పిన పాఠమే ఇవాళ మళ్లీ మొదలుపెడితే, పిల్లలు మర్యాదకొద్దీ మళ్లీ రాసుకున్నారట. మాట మధ్యలో ఆగిపోయి అలా చూస్తూ ఉండిపోయేదాన్నట. ఇంట్లో అందరూ వయసనుకున్నారు. మన తెలుగు మాస్టారు అనంతపద్మనాభం గారు మాత్రం మావారు దేవసహాయం గారిని పిలిచి, "ఏవండీ, వయసైతే మెల్లగా వస్తుంది. ఇది నెల్లాళ్లలో వచ్చింది. ప్రభావతి గారిని నరాల డాక్టరుకి చూపించండి" అన్నారు. అదుగో, తల దించేసుకుంటున్నారు. మాస్టారూ, ఈ ఒక్కరోజుకీ పొగడ్త భరించాలండీ!

ఆ రోజుల్లోనే కైకలూరు దగ్గర మా ఊళ్లో అమ్మ పోయింది. సమాధి దగ్గర నేనూ ఉన్నానట. మర్నాడు మా చెల్లెలు బిందుని, "అమ్మ కాఫీ తాగిందా?" అని అడిగానట. సంగతి చెప్పింది. ఏడ్చాను. సాయంత్రం మళ్లీ అడిగాను. మళ్లీ చెప్పింది, మళ్లీ కొత్తగా ఏడ్చాను. చివరికి పాపం, "తాగిందక్కా" అనడం మొదలుపెట్టింది.

డాక్టరు గారు పరీక్షలు చేయించి చెప్పారు: అణిచే కణాలు పంపే మాటని అందుకునే చోట్లని నా ఒంట్లోని రక్షణ వ్యవస్థే శత్రువులనుకుని దెబ్బతీస్తోందని, అందుకే మెదడు అదుపు తప్పి, పైకి కనపడని మూర్ఛలు వస్తున్నాయని. స్టెరాయిడ్లు ఎక్కించారు, రక్తంలో ప్లాస్మా మార్చారు, మూర్ఛకి మాత్రలిచ్చారు. మతిమరుపులన్నీ ఇలా తగ్గవండీ. నాది తగ్గే రకం, వేళకి దొరికింది.

ఇంటికొచ్చాక, ఆ రోజులేవీ గుర్తులేక, బిందుని కూర్చోబెట్టి, "నిజం చెప్పవే, అమ్మ ఏదీ?" అన్నాను. చెప్పింది.

మర్నాడు పొద్దున్న లేచి మంచం మీదే కూర్చుని ఏడుస్తున్నాను. వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "ఏమైందక్కా?" అంది.

"అమ్మ లేదు కదే."

అది నన్ను వాటేసుకుని ఏడుస్తూనే నవ్వేసింది. "బావగారూ, అక్కకి గుర్తుందండీ!" అని వీధిలోకి వినపడేలా కేకేసింది.

మళ్లీ నన్ను క్లాసులోకి రానిచ్చి, ఇంతకాలం భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక నాకు సెలవిప్పించండి.