మైకులో అన్న మాట

వికారాబాద్ కోర్టు వరండాలో పార్టీ నాయకుడు తమ వకీలు ఫిర్దౌస్‌కు ఎదురొచ్చాడు.

"ధర్నాల రోడ్డుకు అడ్డం బండలు పెట్టొద్దని చెప్పిన్నా లేదా అన్నా?" అని ఆమె అడిగింది.

"చెప్పినవ్."

"అయినా పెట్టించినవ్. మన పార్టీ పోరగాండ్లు జైలుకు పోయిండ్రు. నిన్న తాండూరు సభల, వకీలే అమ్ముడువోయిందని మైకుల చెప్పినవ్."

"జనం అడుగుతుంటె ఏదో ఒకటి చెప్పాలె గదమ్మా. మనసుల పెట్టుకోకు. ఇప్పుడు నన్ను గూడ పట్టుకపోతరట. జర నా బెయిలు సంగతి చూడు."

"పోరగాండ్ల తల్లులు నా మొకం చూస్తలేరు. మల్ల మైకు పట్టి నిజం చెప్తవా?"

"చెప్తె పార్టీల నా ఇజ్జత్ ఏమైతది?"

"అయితే నీకు వేరే వకీలును చూసుకో. పోరగాండ్లను మాత్రం నేనే బయటికి తెస్త."