ఒక ఇల్లు, రెండు వంటిళ్ళు

కొత్త ఇంటి ప్లాను అనుమతి కోసం ఒక కోడలు మున్సిపల్ ఆఫీసుకు రావడం ఇది రెండోసారి. ఈసారీ తిప్పి పంపేస్తారేమోనని ఆమె భయం. ఇంజినీరు కాగితాన్ని బల్లమీద పరిచి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

“ఒకే ఇంటికి రెండు వంటిళ్ళేమిటమ్మా? వేరు పడుతున్నారా?”

“అయ్యో, కలిసి ఉందామనేనండీ! నేను పోపు వేస్తుంటే మా అత్తయ్య మంట తగ్గిస్తుంది. ఆవిడ వెళ్ళగానే నేను పెంచుతాను. మధ్యలో మా ఆయన మాడిపోతున్నాడు.”

ఇంజినీరు నవ్వు ఆపుకున్నాడు.

“రెండు వంటిళ్ళుంటే రెండు వాటాల కింద లెక్క. మధ్యలో గోడ చూపిస్తేనే అనుమతి ఇవ్వగలను.”

“గోడా?” ఆమె కాగితం మీదికి వంగింది. “గోడ కడితే ఆవిడ మనసు చివుక్కుమంటుందండీ. పోనీ, ఆ గోడకి తలుపు పెట్టుకోవచ్చా?”

“పెట్టుకోవచ్చు.”

“గడియ లేకుండా?”

“గడియ సంగతి మా రూల్సులో లేదమ్మా. మీ ఇష్టం.”

“అయితే గీసెయ్యండి బాబూ! మీకు పుణ్యముంటుంది.”

ఆయన పెన్సిలు తీసి గోడ గీశాడు. తలుపు గీయబోతూ ఆగాడు.

“అది సరే, మీ ఇద్దరిలో ఎవరి వంట బాగుంటుంది?”

ఆమె వరండా వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

“ఆవిడదేనండీ. అందుకేగా గడియ వద్దన్నాను! ఈ మాట మాత్రం ఆవిడ చెవిన వెయ్యకండి.”

వరండాలో బెంచీ మీద కూర్చున్న అత్తగారు అక్కణ్ణించే కేకేసింది.

“ఆ తలుపేదో కాస్త వెడల్పుగా గీయమనవే!”